జబ్బు నుంచి తేరుకున్నాక రీఫ్ అక్వేరియాన్ని మళ్ళీ గాడిన పెట్టడం ఎలా

గుండె ఆపరేషనో, వెన్ను శస్త్రచికిత్సో, నెలల పాటు మంచం పట్టించిన మరో జబ్బో దాటి వచ్చి, ఇంతకాలం ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉన్న రీఫ్ అక్వేరియం, అంటే పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీటి తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న వారికి మొదట పుట్టే కోరిక, అద్దాలకు పట్టిన పాచి నుంచి అడుగున చేరిన మురికి దాకా అంతా ఒక్క పూటలో కడిగేయాలని. ఆ కోరికను అణచుకోవడంతోనే ఈ పని మొదలవుతుంది. నెలల తరబడి మెల్లగా మారిన నీటిని ఒక్కసారిగా మార్చితే అందులో మిగిలిన జీవులు తట్టుకోలేవు. కుట్లు ఆరుతున్న ఒంటికి బకెట్లు మోసే పని అసలే తగదు. కాబట్టి రోజుకు పావుగంట పనిని, ఎక్కడా బలం వాడనవసరం లేని ఏర్పాటును లక్ష్యంగా పెట్టుకోండి. భీమవరం, నరసాపురం, అమలాపురం, కాకినాడ వంటి చోట్ల ఉండేవారికి ఇక్కడి నీరు, ఉక్క, కరెంటు, చుట్టూ ఉన్న రొయ్యల చెరువులు ఈ పనిలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులు తెచ్చిపెడతాయి. వాటిని ఎక్కడికక్కడ చెబుతాను.

వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవలసినవి

చేపల తొట్టె ఉందని చెబితే చాలామంది వైద్యులు చిన్న గాజు గిన్నెలో బంగారు చేపను ఊహించుకుంటారు. అందుచేత పనిని విడమరిచి చెప్పి అడగండి. మొదటి ప్రశ్న బరువు గురించి. ఇరవై లీటర్ల ఉప్పునీటి బకెట్టు ఇరవై కిలోలు దాటుతుంది. బైపాస్ జరిగిన వారికి రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దని సాధారణంగా చెబుతారు. అంటే అయిదు లీటర్ల డబ్బా కూడా ఎత్తకూడని బరువే. మీకు వర్తించే హద్దును కిలోలలో రాయించుకోండి. వంగడం గురించి కూడా అడగండి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు తొట్టె కింది అరలోకి తల పెట్టి పనిచేసి, చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. అలాంటి పనిని పీట మీద కాకుండా ఎత్తయిన కుర్చీలో కూర్చుని, తలను గుండె కంటే కిందికి పోనీయకుండా చేసుకోవాలి.

రెండో ప్రశ్న అయస్కాంతాల గురించి. పేస్‌మేకర్ అమర్చిన వారికి ఇది చాలా ముఖ్యం. అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్షులోనూ, అలలు పుట్టించే వేవ్‌మేకర్‌ను అద్దానికి పట్టి ఉంచే పట్టులోనూ ఉండేవి బలమైన అయస్కాంతాలు. ఇటువంటివి పరికరానికి కనీసం పదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉండాలన్నది సాధారణంగా చెప్పే జాగ్రత్త. తొట్టె వెనుక వైపు చేయి చాపడానికి అద్దానికి రొమ్ము ఆనించి వాలిపోవడం మనందరికీ ఉన్న అలవాటు. వేవ్‌మేకర్ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. దాన్ని పక్క అద్దానికి మార్పించి, అద్దం తుడవడానికి పొడవాటి పిడి ఉన్న గీకుడు బద్ద వాడండి.

మూడో ప్రశ్న చర్మం, రోగనిరోధక శక్తి గురించి. చేపల తొట్టెల్లో మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. చిన్న గీత ద్వారా లోపలికి పోయి, కొన్ని వారాల తరువాత వేలి మీదో ముంజేతి మీదో మానని గడ్డగా బయటపడుతుంది. మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడేవారు, క్యాన్సర్ చికిత్సలోనూ అవయవమార్పిడి తరువాతా ఉన్నవారు దీని విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మోచేయి దాటే గ్లౌజులు లేకుండా తొట్టెలో చేయి పెట్టకండి. పుండు, కుట్లు, సెలైన్ సూది గుచ్చిన గాయం ఏది ఉన్నా గ్లౌజులతో కూడా పెట్టకండి. ఎప్పుడైనా చేతి మీద అలాంటి గడ్డ కనిపిస్తే, తొట్టె సంగతిని వైద్యుడికి మీరే చెప్పాలి. ఆ మాట రాకపోతే దాన్ని గుర్తించడం ఆలస్యమవుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారికి రాళ్ళ అంచులు గీసుకోవడమే పెద్ద విషయమవుతుంది. ట్యూబును నోటితో పీల్చి నీరు లాగే పద్ధతిని పూర్తిగా మానేయండి.

చేయి తడపకుండా గడపవలసిన మొదటి వారం

ఈ వారం చూడటం, కొలవడం తప్ప మరేమీ చేయకండి. మొదట ఉప్పదనం చూడాలి. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి, పై నీరు, అంటే ఆవిరైన మేరకు మంచినీరు, పోయడం మరిచిన తొట్టెలో ఉప్పదనం పెరిగి ఉంటుంది. కొలతల కోసమని నీటిని తీసి, బదులు మంచినీరే పోస్తూ వచ్చిన తొట్టెలో తగ్గి ఉంటుంది. కిలో నీటిలో 35 గ్రాములు (దీన్నే 35 పీపీటీ అంటారు), సాంద్రతలో 1.026 దగ్గర ఉండాలి. మన ప్రాంతంలో ఆక్వా మందుల దుకాణంలో దొరికే రిఫ్రాక్టోమీటర్ (ఉప్పదనం కొలిచే పరికరం) దీనికి పనికివస్తుంది కానీ, దాన్ని మంచినీటితో సున్నాకు సరిచేసి ఊరుకోకుండా, 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి. చెరువు రైతుకు ఒకటి రెండు పీపీటీల తేడా లెక్కలోకి రాదు, పగడాలకు వస్తుంది.

తరువాత ఉష్ణోగ్రత, అమ్మోనియా చూడండి. అమ్మోనియా సున్నా కాకపోతే ఎక్కడో ఏదో చచ్చి కుళ్ళుతోందని అర్థం. రాళ్ళ సందుల్లో టార్చి వేసి వెతకండి. ఆ తరువాత నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ (నీటి క్షారత), కాల్షియం, మెగ్నీషియం. భీమవరం వైపు రొయ్యల రైతుల కోసం నడిచే నీటి పరీక్షశాలల్లో చూపించుకోవడం తేలికే కానీ, వారు ఆల్కలినిటీని పీపీఎంలో ఇస్తారు, మన పుస్తకాలు డీకేహెచ్ అనే మరో కొలతలో చెబుతాయి. వారిచ్చిన అంకెను 17.9తో భాగించుకోండి. 143 పీపీఎం అంటే 8 డీకేహెచ్; మనకు కావలసింది 8 నుంచి 9 మధ్య. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం ఉండాలి. అన్నిటినీ తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాయండి.

ఇదే వారంలో మేతను సరిచేయాలి. చేపలు మనిషి కనిపించినప్పుడల్లా అద్దం దగ్గరికి వస్తాయి. ‘పాపం, ఆకలితో ఉన్నాయిరా’ అంటూ బామ్మగారు పూటకో గుప్పెడు వేసిన ఇళ్ళలోనే నైట్రేట్, ఫాస్ఫేట్ ఆకాశాన్ని అంటుతాయి. ఆవిడను తప్పుపట్టకుండా, రోజు మేతను కొలిచిపెట్టిన చిన్న డబ్బాలు ఆవిడ చేతికివ్వండి.

నీటిని మెల్లగా సరిచేయడం

ఉప్పదనం 1.030కి చేరి ఉంటే, ఆర్వో నీరు పోస్తూ రోజుకు 0.001 చొప్పున దించండి. ఆల్కలినిటీ పడిపోయి ఉంటే ఏ ఖరీదైన సీసా అక్కర లేదు. స్వచ్ఛమైన వంట సోడా, వంద లీటర్ల నీటికి 3 గ్రాములు వేస్తే సుమారు 1 డీకేహెచ్ పెరుగుతుంది. ఆర్వో నీటిలో పూర్తిగా కరిగించి, నీటి ప్రవాహం బలంగా ఉన్నచోట సన్నని ధారగా పోయాలి. రోజుకు 1 డీకేహెచ్ దాటకూడదు. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, దాన్ని వాడకూడదు. చెరువుల్లో వేసే సున్నం, మినరల్ మిశ్రమాలు, జియోలైట్ ఊళ్ళో చవకగా దొరుకుతున్నాయని తొట్టెలో వేయడం మంచిది కాదు. చెరువు కుర్రవాళ్ళకు నీటి గురించి తెలిసినంత మరెవరికీ తెలియదు, నిజమే. అయితే మూడు నాలుగు నెలల్లో పట్టుబడి చేసే పంటకు అలవాటైన చేయి అది, నీరు కాస్త మారగానే ఏదో ఒకటి చల్లాలని చూస్తుంది.

నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే వాటిని ఒక్కసారిగా సున్నాకు దించే రసాయనాల జోలికి పోకండి. ఆ స్థాయికి అలవాటుపడిన పగడాలు హఠాత్తుగా వెలితి పడితే పాలిపోతాయి. వారానికి ఐదు నుంచి పది శాతం నీరు మార్చుతూ పోతే చాలు. ప్రోటీన్ స్కిమ్మర్ (గాలి బుడగల నురగతో నీటిలోని మలినాన్ని బయటికి తీసే పరికరం) గిన్నెను కడగడం మాత్రం మొదటి వారం ముగియగానే చేయవచ్చు. నల్లగా, జిగటగా, కుళ్ళిన చేపల మార్కెట్టు వాసనతో ఉండే ఆ గిన్నె మెడ లోపలి జిడ్డును తుడిస్తే నురగ మళ్ళీ పైకెక్కుతుంది. అర కిలో బరువైనా లేని ఈ పనికి వచ్చే ఫలితం మరే పనికీ రాదు. పంపుల మీద పేరుకున్న తెల్లని గట్టి పొరను సగం నీరు కలిపిన వెనిగర్‌లోనో, నిమ్మ ఉప్పు కరిగించిన నీటిలోనో గంటసేపు నానబెడితే వదులుతుంది. వారానికి ఒక్క పంపు చొప్పున తీయండి. అన్నీ ఒకేరోజు తీస్తే తొట్టెలో ప్రవాహం ఆగిపోతుంది. అడుగు ఇసుకలో నల్లని మచ్చలు, కుళ్ళిన గుడ్డు వాసన కనిపిస్తే దాన్ని కదపకండి. అందులోని విషవాయువు చేపలను చంపుతుంది.

దీపాలు కొన్నాళ్ళు ఆరిపోయి ఉంటే, వాటిని పాత స్థాయికి వెంటనే పెంచకూడదు. మూడో వంతుతో మొదలుపెట్టి వారానికి పదేసి శాతం చొప్పున పెంచాలి.

బకెట్టు ఎత్తకుండా నీరు మార్చే ఏర్పాటు

ఈ ఒక్క ఏర్పాటు మీద డబ్బు ఖర్చు పెట్టండి, మిగతావి తరువాత చూసుకోవచ్చు. ముందు నీటి సంగతి. మన ప్రాంతంలో కొళాయి నీరు కాలువ నుంచి మంచినీటి చెరువులోకి, అక్కడి నుంచి బ్లీచింగ్ కలిసి ఇంటికి వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువులో నిలవున్న నీరే దిక్కు, బ్లీచింగ్ వాసన కూడా ఎక్కువ. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పదేలి ఉంటుంది. వంటింటి ఆర్వో యంత్రం ఉంది కదా అనుకోకండి. చాలా యంత్రాల్లో రుచి కోసం మామూలు నీటిని కొంత తిరిగి కలిపే మర ఉంటుంది, అందుచేత మీటరు పెడితే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) యాభై, వంద చూపిస్తుంది. తొట్టెకు కావలసింది సున్నా. అందుకు ఆర్వో తరువాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి అమర్చాలి. అంతర్వేది వెళ్ళి సముద్రపు నీరే తెచ్చుకుందామని ఆశపడేవారు కొందరుంటారు. గోదావరి కలిసే చోట, ముఖ్యంగా వరదల నెలల్లో, ఆ నీరు బురదగా, ఉప్పదనం తక్కువగా ఉంటుంది. పైగా క్యానులు మోయాలి.

ఇక ఏర్పాటు. మూత ఉన్న ఆహార యోగ్యమైన నీలం డ్రమ్ములు, అరవై లీటర్లవి, రెండు కొని తొట్టె దగ్గరే గోడ వారగా పెట్టించండి. ఆర్వో గొట్టాన్ని నేరుగా మొదటి డ్రమ్ములోకి తెచ్చి, మేడ మీద ట్యాంకుకు ఉన్నట్టే బాల్‌కాక్ బిగిస్తే నిండగానే ఆగుతుంది. పై నీరు దాని నుంచే తొట్టెకు దానంతట అదే చేరేలా ఆటోటాపాఫ్ పెట్టండి. తొట్టె నుంచి రోజుకు సుమారు ఒక శాతం నీరు ఆవిరవుతుంది, ఈ భర్తీ మీ చేతుల మీద ఆధారపడకుండా ఉండటమే ముఖ్యం. రెండో డ్రమ్ములోకి మొదటిదాని నుంచి పంపుతో నీరు తోడి, అక్వేరియం ఉప్పు కలపాలి. లీటరుకు 36 నుంచి 38 గ్రాముల ఉప్పు పడుతుంది; ఇరవై లీటర్లకు ముప్పావు కిలో. పెద్ద ఉప్పు బకెట్టు ఇంటికి వచ్చిన రోజునే ఎవరిచేతనైనా దాన్ని ముప్పావు కిలో డబ్బాలుగా విడగొట్టించి పెట్టుకుంటే, తరువాత మీరు ఎత్తవలసిన అతి పెద్ద బరువు అదే అవుతుంది.

డ్రమ్ములో ఉండే పంపు ఉప్పును ఒక రోజంతా కలుపుతుంది. మరునాడు ఆ పంపుకే పొడవాటి పైపు తగిలించి తొట్టెలోకి నీరు ఎక్కించవచ్చు. కూలర్ పంపు చవకే కానీ దాని ఇనుప కడ్డీ ఉప్పునీటికి తుప్పు పడుతుంది, సిరామిక్ కడ్డీ ఉన్న అక్వేరియం పంపే తీసుకోండి. ముందు పాత నీటిని మరో చిన్న పంపుతో స్నానాలగది గచ్చు మీదికి వదలండి. పంటకాలువలోకి, చెరువులోకి వదలకండి. తొట్టెలోని జీవులూ రోగాలూ అక్కడికి చేరకూడదు. తొట్టె అద్దం మీద రెండు టేపు ముక్కలు అంటించండి, నీరు ఎంతవరకు దింపాలో ఒకటి, ఎంతవరకు నింపాలో ఒకటి. అప్పుడు స్విచ్చి దగ్గర కుర్చీలో కూర్చుని, టేపును చూస్తూ ఉండటమే మీ పని.

తొట్టెలో చేయి పెట్టే ప్రతిసారీ స్విచ్చులు ఆపండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) లేని ప్లగ్గును తొట్టెకు వాడకండి. తీగలు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి వెళ్ళేలా ఉండాలి; తీగ వెంట జారిన ఉప్పునీరు కిందనే రాలిపోతుంది.

ఉన్నదే నడపాలా, కొత్తది పెట్టాలా

నెల తరువాత కూడా అమ్మోనియా కనిపిస్తున్నా, పగడాలన్నీ పోయినా, తొట్టె ఎత్తు వల్ల స్టూలెక్కితే తప్ప అడుగు అందకపోయినా, కొత్తగా మొదలుపెట్టడమే మేలు. అప్పుడు అందరూ ఇచ్చే సలహా చిన్న తొట్టె కొనమని. నేను దాన్ని ఒప్పుకోను. ముప్పై లీటర్ల తొట్టెలో ఒక పూట పై నీరు ఆలస్యమైనా ఉప్పదనం కదులుతుంది. ఓపిక తక్కువగా ఉన్న రోజుల్లో దాని వెంట పరుగెత్తలేము. నూట యాభై లీటర్ల చుట్టూ ఉండి, ఎత్తు నలభై అయిదు సెంటీమీటర్లు దాటని, వెడల్పు ఎక్కువున్న తొట్టె చూడండి. అడుగు దాకా చేయి అందాలి. కొత్త తొట్టెలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకు చేపలు వద్దు.

పాత తొట్టెను విప్పేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. బటన్లలా గుంపుగా పెరిగే జోవాంథిడ్, పాలిథోవా జాతుల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాళ్ళను వేడినీటిలో వేయడం, ఉడికించడం, బ్రష్షుతో గీకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఆవిరి పీల్చినా, తుంపర కంట్లో పడినా ఆసుపత్రి పాలవుతారు. ఊపిరితిత్తులో గుండో ఇప్పటికే బలహీనపడినవారు ఆ రాళ్ళను తీసే పనిని గ్లౌజులు, కళ్ళజోడు ధరించిన మరొకరికి అప్పగించి ఆ గదిలో ఉండకుండా వెళ్ళాలి.

కొత్తగా కొనే విషయంలో చట్టం కూడా గుర్తుంచుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలున్నాయి. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి అని ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. సిరామిక్‌తో, సిమెంటుతో చేసిన రాళ్ళ మీద కూడా బ్యాక్టీరియా చక్కగా కుదురుకుంటుంది. మెత్తని జాతుల్లో మష్రూమ్, లెదర్ పగడాలు ఉప్పదనం కాస్త కదిలినా ఓర్చుకుంటాయి. చేపల్లో హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జంటతో మొదలుపెట్టండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాటిని హేచరీలో పెంచే పద్ధతిని ఏనాడో రూపొందించింది. తొట్టెలో అలంకార రొయ్యలున్నవారు చెరువు రొయ్యను పచ్చిగా మేతగా వేయకూడదు, చెరువు వలలు, మగ్గులు ఇంటికి తేకూడదు. తెల్లమచ్చ వైరస్ చెరువుల్లోని వనామి రొయ్యకు వచ్చినట్టే అలంకార రొయ్యలకూ వస్తుంది.

ఉక్క, కరెంటు, దోమలు

నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, 28 దాటి నిలవకూడదు. నీటి మీదికి ఫ్యాను పెడితే చల్లబడుతుందన్న చిట్కా పొడి గాలి ఉన్న ఊళ్ళలో బాగా పనిచేస్తుంది. మన సముద్రతీరపు ఉక్కలో నీరు అంతగా ఆవిరి కాదు కాబట్టి మే నెలలో ఆ చల్లదనం చాలదు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనగలిగితే కొనండి, లేకపోతే మీ విశ్రాంతి కోసం ఏసీ నడుస్తున్న గదిలోకే తొట్టెను మార్పించండి.

కరెంటు పోయినప్పుడు చేపలకు ముందు కావలసింది ప్రాణవాయువు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్ళకు, కరెంటు ఎన్నాళ్ళ పాటు రాకుండా ఉండగలదో చెప్పనవసరం లేదు. ఇంటి ఇన్వర్టర్‌కు దీపాలనూ చిల్లర్‌నూ కాకుండా ఇరవై వాట్ల లోపు వేవ్‌మేకర్‌ను మాత్రమే కలపండి. మరేదీ వాడకపోతే 150 ఏహెచ్ బ్యాటరీ దాన్ని ఒక రోజుకు పైగా నడుపుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అదనంగా ఉంచుకోండి. దోమల మందులు కూడా గుర్తుంచుకోవలసినవే. వాటిలోని పైరిత్రాయిడ్లు రొయ్యలకూ పీతలకూ విషం. స్కిమ్మర్, గాలి పంపు గదిలోని గాలినే లాగి నీటిలోకి తోస్తాయి. తొట్టె ఉన్న గదిలో వేపరైజర్లు, చక్రాలు మానేసి దోమతెర కట్టుకోండి. వీధిలో పొగమందు కొట్టేటప్పుడు కిటికీలు మూసి గాలి పంపును ఆపండి.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే

ఇది ముందే సిద్ధం చేసి ఉంచవలసిన పని. వారం రోజుల పేర్లు రాసి ఉండే మాత్రల డబ్బా మీ దగ్గర ఇప్పటికే ఉండి ఉంటుంది. అలాంటిదే మరొకటి కొని ఒక్కో గడిలో ఒక్కో రోజు మేత నింపి, మాత్రలతో కలవకుండా పెద్ద అక్షరాలతో ‘చేపలకు’ అని రాయండి. ఆల్కలినిటీ, కాల్షియం ద్రావణాలను చేత్తో పోయడం మాని, కొలత ప్రకారం దానంతట అదే పోసే డోసింగ్ పంపుకు అప్పగించండి, వాటి సీసాలు నెలకు సరిపడా ఉండాలి. తొట్టె పక్కన ఒక కాగితం అంటించండి. ఏ స్విచ్చిని ఎప్పుడూ ఆపకూడదో, మొదటి డ్రమ్ములో నీరు ఏ గీత కంటే తగ్గకూడదో, నీటి ఉష్ణోగ్రత ఎంత దాటితే ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉంటే చాలు. ‘మిగతావి ఏవీ ముట్టుకోవద్దు’ అన్న వాక్యాన్ని చివర రాసి, దాని కింద ఎర్ర గీత గీయండి. మీరు ఇంట్లో ఉండగానే ఒక వారం ఆ కాగితం ప్రకారం ఇంట్లోవాళ్ళ చేత తొట్టెను నడిపించి, వాళ్ళు ఎక్కడెక్కడ మిమ్మల్ని పిలిచి అడిగారో చూసి కాగితాన్ని తిరగ రాయండి.